బంతి లేని ఎనభై ఆరు నిమిషాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను 'క్రీడలు - వ్యక్తిత్వ వికాసం' గురించి మాట్లాడమన్నారు. నాకు అంత పెద్ద మాటలు రావు. ఇరవై తొమ్మిదేళ్లు పీఈటీగా, ఆ తర్వాత ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసినవాణ్ణి. మైకు కన్నా విజిల్ అలవాటు. అందుకని తెలిసిన సంగతి ఒక్కటే చెబుతాను. పదకొండు మంది హైస్కూలు పిల్లల్ని ఒక ఫుట్‌బాల్ జట్టుగా చేయడానికి నేను పడ్డ తంటాలు. అందులో నా తప్పు ఒకటుంది. దాన్ని ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పలేదు.

ముందు ఒక చిన్న లెక్క. పెద్దవాళ్ల మ్యాచ్ 90 నిమిషాలు. ఆడేవాళ్లు 22 మంది, బంతి ఒక్కటి. అందరికీ సమానంగా పంచినా ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు దక్కుతుంది. మిగిలిన ఎనభై ఆరు నిమిషాలు ఆటగాడు బంతి లేకుండానే ఆడాలి. పక్కవాడి కోసం పరుగెత్తాలి, వెనకవాడికి కేక వేసి చెప్పాలి, తనకు రాని పాస్ కోసం కూడా సిద్ధంగా ఉండాలి. మనం మాత్రం పిల్లలకు నేర్పేదంతా ఆ నాలుగు నిమిషాల విద్యే.

పాతికేళ్ల కిందట నేను వేరే జిల్లాలో పనిచేస్తున్నప్పుడు నా జట్టులో ఆరుగురు ఊరి పిల్లలు, ఐదుగురు హాస్టల్ పిల్లలు. ఆట అందరికీ వచ్చు. అయినా గెలిచేవాళ్లం కాదు. ఎందుకో అర్థం కాక, ఒకరోజు గట్టు మీద కూర్చుని నోటుబుక్కులో గీతలు గీశాను. ఎవరి నుంచి ఎవరికి పాస్ వెళుతోంది అని. ఊరి పిల్లల నుంచి హాస్టల్ పిల్లలకు వెళ్లిన పాసులు నా ఒక్క చేతి వేళ్లకు సరిపోయాయి. దానికి కారణం ఆటలో లేదు. ఏ వాడ పిల్లలు హాస్టల్లో ఉంటారో, ఏ వాడ పిల్లలు ఇంటి నుంచి వస్తారో మీకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

సరే, వీళ్ల మధ్య నమ్మకం పెంచాలనుకున్నాను. అంతకుముందు ఒక శిక్షణ శిబిరంలో ఒక కార్యక్రమం చూశాను. ఒకడు బల్ల మీద నిలబడి, కళ్లు మూసుకుని వెల్లకిలా పడతాడు. కింద రెండు వరుసల్లో నిలబడ్డవాళ్లు చేతులు కలిపి పట్టుకుంటారు. చూడ్డానికి చాలా బాగుంది. మర్నాడే మా గ్రౌండులో పెట్టేశాను. మొదట ఒక హాస్టల్ అబ్బాయిని ఎక్కమన్నాను. లెఫ్ట్ వింగ్ ఆడేవాడు, జట్టులో అందరికన్నా వేగం ఉన్నవాడు. ఆ పిల్లవాడు నా మొహం వంక చూశాడు. ఎక్కడం ఇష్టం లేదని నాకు తెలుస్తూనే ఉంది. "భయమెందుకురా, ఎక్కు" అన్నాను.

వాడు పడ్డాడు. మధ్యలో ఇద్దరు నవ్వుతూ చేతులు వదిలేశారు. కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఎలా జరిగిందని అడిగితే వాడే ముందుగా, "నేనే మంచిగ పడలే సార్" అన్నాడు. సాయంత్రానికి వాళ్ల నాన్న కూలి పని నుంచి నేరుగా వచ్చాడు. నన్నొక్క మాట అనలేదు. పరీక్షల నాటికి చేయి వస్తుందా సారూ అని మాత్రం అడిగాడు. నేను బడికి తిరిగొచ్చి రిజిస్టర్లో 'ఆటలో జారిపడ్డాడు' అని రాశాను. ఆ మూడు ముక్కలు రాసింది నేనే. హెడ్మాస్టరుగారికి కూడా అదే చెప్పాను. ఆ అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు, కానీ మళ్లీ గ్రౌండులోకి అడుగుపెట్టలేదు.

నమ్మకం లేనిచోట నమ్మకం పరీక్ష పెట్టాను. ఈత రానివాణ్ణి బావిలోకి తోసి ఈత వచ్చో రాదో చూసినట్టు. ఇక్కడున్న ఉపాధ్యాయ మిత్రులకు అందుకే చెబుతున్నాను. ఒక పిల్లవాడి ఒళ్లు మిగతావాళ్ల చేతుల్లో పెట్టే ఆటలు మొదటి నెలలో వద్దు. అసలే వద్దన్నా నాకు అభ్యంతరం లేదు. "నేను చెయ్యను సార్" అనే హక్కు ప్రతి పిల్లవాడికీ ఉండాలి. ఆ మాటన్నందుకు ఎవడూ వాణ్ణి ఎగతాళి చేయకూడదు, మనతో సహా.

ఆ తర్వాత నేను పుస్తకాలు పక్కనపెట్టి మన హైదరాబాదు రహీం సాబ్ గురించి తెలిసినవాళ్లను అడగడం మొదలుపెట్టాను. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఈమధ్య సినిమా వచ్చాక పిల్లలకూ తెలిసింది. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు మన దేశానికి వచ్చినప్పుడు కోచ్ ఆయనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ ఆయనే. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిందీ ఆయనే. వృత్తికి బడిపంతులు. ఆ మాట నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

ఆయన పోటీలు విచిత్రంగా ఉండేవి. డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక టోర్నమెంటు. వాటం లేని కాలితోనే ఆడాలని ఒకటి. పొట్టి పిల్లలకు విడిగా ఒకటి. ఇవన్నీ ఆట మెరుగుపడాలని పెట్టినవే అనుకునేవాణ్ణి. మా పిల్లల చేత ఆడించాక ఇంకో సంగతి తెలిసింది. మా జట్టులో పెద్ద ఆటగాడు, గోల్స్ అన్నీ తనే కొట్టే ఊరి పిల్లవాడు, ఎడమ కాలితో బంతి తంతే అది వెనక్కి వెళ్లింది. అందరూ పడీపడీ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ అరగంట గ్రౌండులో గొప్పవాడంటూ ఎవడూ లేడు. డ్రిబ్లింగ్ లేని ఆటలో ఇంకా తమాషా. రెండుసార్లకు మించి బంతిని తాకకూడదంటే, ఎదురుగా ఎవడున్నాడో చూడక తప్పదు. హాస్టల్ పిల్లవాడే ఖాళీగా ఉంటే వాడికే ఇవ్వాలి.

దాన్ని చూసి నేనూ ఒక నియమం పెట్టాను. పాస్ ఇచ్చే ముందు అందుకునేవాడి పేరు పిలవాలి. పిలవకపోతే ఫౌల్. మొదటిరోజు విజిల్ ఊది ఊది నా నోరు ఎండిపోయింది. ఒకే తరగతిలో కూర్చునే పిల్లలకు ఒకరి పేరొకరికి తెలియదు! అప్పటిదాకా "ఏయ్ హాస్టల్" అనే పిలుపే. ఆ మాట రోజూ నా చెవిన పడుతూనే ఉండేది, నాకు మాత్రం తప్పుగా అనిపించలేదు. వారం రోజుల్లో పేర్లు వచ్చాయి, నెలకు ముద్దుపేర్లు వచ్చాయి.

ఓడినవాళ్లు పది రౌండ్లు కొట్టాలనే శిక్ష కూడా మానేశాను. దానివల్ల బలహీనుడి మీద మిగతా పదిమందికీ కోపం వస్తుంది తప్ప ఇంకేం లేదు. దాని బదులు, గ్రౌండు చుట్టూ పరుగులో పదకొండు మంది సమయాలూ కూడి బోర్డు మీద రాసేవాణ్ణి. పోయిన వారం మొత్తం కన్నా ఈ వారం తగ్గించాలి, అంతే పందెం. లావుగా ఉండే మా గోల్‌కీపరు ఐదు సెకన్లు తగ్గించగలడు. వేగంగా పరుగెత్తేవాడు అర సెకను తగ్గించడమే గగనం. ఈ లెక్క అర్థమైన రోజు నుంచి అందరూ గోల్‌కీపరు పక్కన పరుగెత్తడం మొదలుపెట్టారు.

గ్రౌండుకు సున్నం గీతలు వేయడం, నెట్ కట్టడం, బిందెలతో నీళ్లు మోయడం చీటీలు తీసి పంచాను. కెప్టెన్ చీటీ కూడా అందులోనే. ఒక ఆదివారం ఊరి పిల్లలు హాస్టల్లో భోంచేశారు. ఆ సాంబారు తిన్న ఒకడు సోమవారం నుంచి డబ్బాలో రెండు గుడ్లు ఎక్కువ తెచ్చేవాడు. నేను తెమ్మనలేదు.

ఆ ఏడు జిల్లా పోటీల్లో సెమీఫైనల్లో ఓడిపోయాం. పెనాల్టీ తప్పిన హాస్టల్ పిల్లవాడి దగ్గరికి అందరికన్నా ముందు పరుగెత్తి వెళ్లిన వాడెవడో తెలుసా? ఆ రోజు బల్ల కింద చేతులు వదిలేసిన ఇద్దరిలో ఒకడు. వాడేం మాట్లాడాడో నాకు వినిపించలేదు.

ఇంకో మాట. జకార్తాలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి, కుట్లు పడ్డాక కూడా డిఫెన్స్ వదిలి ముందు వరుసలో ఆడి ఫైనల్లో గోల్ కొట్టాడు. కొరియా మీద 2-1తో గెలిచాం. పిల్లలకు ఈ కథ చెప్పండి. కానీ ఆ కాలం వేరు. ఇవాళ మీ పిల్లవాడి తలకు దెబ్బ తగిలితే వాడికి ఆ రోజుకు ఆట బంద్. ఎంత ఏడ్చినా సరే. ఎండాకాలంలో నీళ్ల కోసం ఆట ఆపితే క్రమశిక్షణ ఏమీ పోదు.

స్వర్ణోత్సవ గుర్తుగా గేటు దగ్గర ఆర్చి కట్టాలని సంఘం తీర్మానించింది. కట్టండి, నా చందా కూడా ఇచ్చాను. దాంతోపాటు గ్రౌండు మూలన ఒక నీళ్ల కుళాయి, రెండు నెట్లు, ఒక ప్రథమ చికిత్స పెట్టె అడుగుతున్నాను. ఇప్పుడు ఇక్కడ అమ్మాయిల జట్టు కూడా ఉంది, వాళ్లకు సరిపోయే బూట్లు లేవు.

రేపు పొద్దున ఆరున్నరకు పూర్వ విద్యార్థులకూ ఇప్పటి పదో తరగతికీ మ్యాచ్. రిఫరీని నేనే. వాటం లేని కాలితోనే ఆడాలి. పేరు పిలవకుండా పాస్ ఇస్తే ఫౌల్. రెండు జట్లనూ చీటీలు తీసి కలిపేస్తాను కాబట్టి పిల్లల పేర్లు కూడా మీకు కావాలి. జాబితా ఇవాళ సాయంత్రం నోటీసు బోర్డు మీద అంటిస్తాను. కళ్లజోళ్లు తెచ్చుకుని చదువుకోండి.