జకోవా గ్రంథాలయము



నేను ముప్పదియేండ్లు పిల్లలకు పాఠములు చెప్పి విశ్రమించినవాడను. మా యింట తాతగారి తాళపత్రములు రెండు కట్టలుండెను. ఒక వర్షాకాలమున చెదలు ఒక కట్టను తినివేసెను. దానికి మాఱుప్రతి లేదు. చెదలు తెలియక చేసిన పని యది. తెలిసియే గ్రంథములకు నిప్పుపెట్టిన వృత్తాంతమొకటి నేడు విన్నవించెదను.

ఐరోపాఖండమున బాల్కను ప్రాంతమందు కొసోవో యను చిన్న సీమ గలదు. అందలి జనులలో అత్యధికులు ఆల్బేనియనులు. వారిలో పెక్కండ్రు మహమ్మదీయులు. 1998, 1999 సంవత్సరములలో ఆల్బేనియను తిరుగుబాటుదార్లకును సెర్బియా బలగములకును అచ్చట ఘోరమైన పోరు జరిగెను. లక్షలకొలది జనులు ఇండ్లు విడిచి పరదేశములకు పోయిరి.

ఆ పల్లెలలో కుల్లాలను రాతియిండ్లుండెడివి. గోడలు మిక్కిలి మందము, క్రింద కిటికీలు మిక్కిలి చిన్నవి; వంశవైరములు గల సీమ గదా! పైయంతస్తున అతిథులకొక గది. పెద్దలు అచ్చట కూర్చుండి తగవులు తీర్చుచు, వీరగాథలు పాడించుకొనుచుండెడివారు. మన రచ్చబండ గోడల నడుమ నున్నట్లు భావింపుడు. ఆ యిండ్లలో అధికభాగము యుద్ధమున కాలిపోయెను.

ఇక జకోవా పట్టణము. 16వ శతాబ్దాంతమున సులేమాన్ ఆగా యనునతడు అచ్చట హాదుమ్ మసీదును కట్టించెను. దానితోపాటు గ్రంథాలయము వెలసెను. చుట్టును అంగడివీధి పెరిగెను. 1999 మార్చి 24వ తేదీ రాత్రి, నాటో విమానదాడులు మొదలయిన రాత్రియే, ఆ యంగడికి నిప్పు పెట్టిరి. సుమారు 200 వ్రాతప్రతులును 1,300 అపురూపగ్రంథములును గల యా భాండారము బూడిదయయ్యెను.

ఇది నాటో బాంబుల పనియని సెర్బియా ప్రభుత్వము వాదించెను. ఆండ్రూ హెర్షరను వాస్తుచరిత్రకారుడును, ఆండ్రాష్ రీడ్ల్‌మేయరను హార్వర్డు గ్రంథాలయోద్యోగియు 1999 అక్టోబరులో ఊరూర తిరిగి పరీక్షించిరి. బాంబు పైనుండి పడవలెను గదా! వారు చూచినది వేఱు: లోపల మందుపాతర పెట్టి కూల్చిన మినారులు, నేలనుండి అంటించిన మంటల మసి, ప్రక్కయిండ్లు నిలిచియుండగా కూలిన మసీదులు. సుమారు 600 మసీదులలో 200కు పైగా దెబ్బతినెనని తేలెను. 2002లో హేగు నగరమున మిలోషెవిచ్ విచారణయందు రీడ్ల్‌మేయరు సాక్ష్యము చెప్పెను.

నన్ను మఱింత కలచినది ప్రిష్టీనా నగరపు సంగతి. జూను 9న ఒప్పందము కుదిరి పోరు ఆగెను. అటుపిమ్మట, 13వ తేదీన, అచ్చటి ఇస్లామీయ సమాజపు చారిత్రక పత్రభాండారము దగ్ధమయ్యెను. వెనుదిరుగుచున్న సెర్బియా పోలీసులే అంటించిరని చూచినవారు చెప్పిరి. శతాబ్దముల నాటి ధర్మాదాయపు దస్తావేజులు, మసీదుల లెక్కలు అందుండెను. దస్తావేజు పోయిన మాన్యము గతి యేమగునో గ్రామపెద్దలైన మీకు నేను చెప్పవలసిన పని లేదు.

మఱియొక మాట దాచరాదు. యుద్ధానంతరము పగబూనిన ఆల్బేనియనులును సెర్బులుల ప్రాచీనదేవాలయములపై బడిరి. 2004 మార్చిలో ప్రిజ్రెన్ పట్టణమున మధ్యయుగపు మేరీమాత దేవాలయమును కాల్చిరి. తమ గ్రంథములు కాలిన దుఃఖము వారికి తెలిసియు అట్లు చేసిరి.

హాదుమ్ మసీదును తరువాత బాగుచేసిరి. అంగడిని మరల కట్టిరి. గోడ కట్టుటకు పాత ఛాయాచిత్రమున్న చాలును. ఆ 200 వ్రాతప్రతులను ఏమి చూచి వ్రాయుదురు?