మౌన నాయకుడు – మాటకారి నాయకుడు

మన తూర్పు భాగోతంలో సత్యభామ రంగానికి వస్తూనే తన పేరూ, వైభవమూ తానే చెప్పుకుంటుంది. వేషధారి ఎవరైనా భామ భామయే. వీడియో ఆటలలోనూ అట్టి నాయకుడొకడు 2015 నాటి ‘విచర్ 3’లోని గెరాల్టు, అతని పేరు, గతము, కంఠము ముందే ఏర్పడినవి. 1986 నాటి జపాను ఆట ‘డ్రాగన్ క్వెస్ట్’లో నాయకుడు దాదాపు మౌనియే, పేరు పెట్టేది ఆడేవాడు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసింది. తోట పోయిన ఇంటి బాలుడు ఆ మౌనిలో తన దుఃఖాన్ని నింపుకోగలడు. గెరాల్టు ద్వారా పరుల దుఃఖాన్ని తెలుసుకోగలడు. రెండూ మంచివే. అయితే వాని దుఃఖం వినగలవారు ఆ ఇద్దరిలో ఎవరూ కారు. ఆ పని ఇంటివారిదే.