మిగిలిన చేతులు

 

మన మృదంగ విద్వాంసులకు రెండు చేతులు చాలు. పాశ్చాత్య డ్రమ్స్ వాయించేవారికి పాదాలు కూడా కావాలి; పెద్ద డ్రమ్మును, జంట తాళాలను పలికించేవి కాలి పెడల్సే. ‘సాఫ్ట్ మెషీన్’ బృందంలో డ్రమ్మర్‌గా పేరుపొందిన రాబర్ట్ వయట్ 1973 జూన్‌లో కిటికీ నుండి పడి, నడుము క్రింద చలనం కోల్పోయారు. అప్పుడాయన వయస్సు 28.

స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో నెలల తరబడి ఉండి, అంతకుముందు వెనిస్‌లో మొదలుపెట్టిన పాటలను మళ్ళీ చేపట్టారు. చేతులు కీబోర్డును ఆశ్రయించాయి. కంఠం ముందుకు వచ్చింది. ఆ పాటల సంపుటి ‘రాక్ బాటమ్’ 1974లో వెలువడింది. నిర్మాత మరొక డ్రమ్మర్, పింక్ ఫ్లాయిడ్‌కు చెందిన నిక్ మేసన్. ముఖచిత్రం గీసిన ఆల్ఫ్రెడా బెంజ్‌ను వయట్ వివాహమాడినది ఆ విడుదల నాడే.

వైద్యురాలిగా ఒక మాట ఒప్పుకోవాలి. “మళ్ళీ మునుపటిలా చేయగలనా?” అని అడిగిన రోగులకు చాలా కాలం నేను పోయినదాని లెక్కే చెప్పాను. ఇప్పుడు “మీకు మిగిలినదేమిటి?” అని కూడా అడుగుతున్నాను. గాయం మేలు చేసిందని నేననను. కోరుకున్న దారి మూసుకుపోయిన నాడు మీరూ ఆ ప్రశ్న వేసుకోండి. మీ జవాబు వినే ఓర్పు తల్లిదండ్రులమైన మాకు కలగాలని ప్రార్థిస్తూ, సెలవు.