కుట్టుపనియు, దాని విలువయు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచినదన్నచో ఆ ఊరివారు ఒక మంచి అలవాటును నిలుపుకొన్నారని అర్థము. ఒకరు కొనలేని పుస్తకమును పదిమంది కలిసి కొని, ఒకరి తరువాత నొకరు చదువుకొనుటయే ఆ అలవాటు. నేటి ప్రసంగ విషయము మాత్రము పుస్తకము కాదు. కుట్టుమిషనుపై పూలు కుట్టుట. అయినను పుస్తకమునకు చెల్లిన న్యాయమే మిషనునకును చెల్లునని చివరకు తేలగలదు.

విషయము హైదరాబాదు నగరమునకు పడమట మొదలగుచున్నది. రాళ్లగుట్టల నడుమనున్న మాదాపూరులో 1998లో సైబర్ టవర్సు అను భవనము తెరవబడినది. హైటెక్ సిటీకి అది నాంది. పిమ్మట కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గముల వరకు కంప్యూటరు కార్యాలయములు వ్యాపించినవి. పల్లెలలో పుట్టి, చదువుకొని, అక్కడ ఉద్యోగములు చేయుచున్న బిడ్డలెందరో కలరు. ఆ మేడల ప్రక్కనే చేతిపనుల వారికి నెలవైన శిల్పారామము కలదు. 1995లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ కేంద్రము కూడ మాదాపూరులోనే యున్నది. ఆ విధముగా కంప్యూటరును, సూదియు ఆ ప్రాంతమున ఇరుగుపొరుగులై యున్నవి.

వారమున ఐదు దినములు కంప్యూటరు తెరముందు కూర్చున్నవారిలో కొందరు శని, ఆదివారములందు మరియొక యంత్రము ముందు కూర్చుండుచున్నారు. అది ఎంబ్రాయిడరీ మిషను. పదిమంది చేరి, చేతులతో చేయుచు నేర్చుకొను తరగతులవి. వచ్చువారిలో ఉద్యోగినులు, గృహిణులు, అప్పుడప్పుడు మగవారును ఉందురు. వారికిది జీవనోపాధి కాదు, తీరికవేళ సరదా. ఈ తీరిక అను మాట నొకింత గుర్తుంచుకొనవలెను. కుట్టుపని చరిత్రలో ఈ మాట చేసిన మేలును కలదు, కీడును కలదు.

తరగతిలో మొదట సామాన్యమైన కాలిమిషనుపైననే నేర్పుట మంచి పద్ధతి. గుడ్డను అదిమిపట్టు పాదమును ఊడదీయుదురు. గుడ్డను ముందునకు నడుపు పళ్లను దించుదురు, లేదా రేకుతో కప్పుదురు. గుడ్డను గుండ్రని ఫ్రేములో తప్పెటవలె బిగించి, అది మిషను బల్లకు అంటియుండునట్లు సూదిక్రింద నుంచుదురు. ఇక గుడ్డను నడుపవలసినది యంత్రము కాదు, రెండు చేతులే. కాలు వేగముగను చేయి నెమ్మదిగను కదలినచో కుట్లు ఒకచోట కుప్పపడును. చేయి వేగముగను కాలు నెమ్మదిగను కదలినచో కుట్లు పొడుగై వ్రేలాడును. కాలుసేతుల పొందిక కుదురువరకు ఆకు ఆకువలె రాదు. అంతవరకు వ్రేళ్లు సూదికి దూరముగ నుండవలెను.

మొదటిసారి వచ్చినవారందరికిని కలుగు ఒక చిక్కు కలదు. గుడ్డపైన కుట్టు బాగుగనే కనబడును. త్రిప్పిచూచినచో క్రింద దారము పిట్టగూడువలె అల్లుకొని యుండును. క్రింద గూడు కట్టినది గనుక తప్పు బాబినుదని వారనుకొందురు. తరచుగా తప్పు పైదారమునది. ఆ దారము బిగువునిచ్చు బిళ్లల నడుమ సరిగా కూర్చుండలేదు. పాదమును దించు మీట పైకెత్తియుండగా దారమెక్కించిననే బిళ్లలు విడివడి దారమును లోనికి రానిచ్చును. కుట్టునప్పుడు మీటను దించవలెను. పాదము ఊడదీసినను ఈ మీటను దించక తప్పదు. లేనిచో బిగువే యుండదు. క్రింద కనబడిన దోషమునకు మూలము పైననుండుట కుట్టుమిషనునకు మాత్రమే చెందిన న్యాయము కాదు గదా!

పిమ్మట కంప్యూటరు ఎంబ్రాయిడరీ మిషను. బొమ్మను చూపినంతనే ఇది కుట్టునని కొందరి భ్రమ. ఏ రేకు ముందు, ఏ రేకు వెనుక, కుట్టు ఏ దిక్కునకు వాలవలెను, కుట్టునకు కుట్టునకు నడుమ ఎంత యెడముండవలెను అను సంగతులన్నియు ముందుగా మనిషియే నిర్ణయించి వ్రాయవలెను. నింపుడు కుట్టునకు ఈ యెడము సామాన్యముగా 0.4 మిల్లీమీటరు. కుట్లు పడినకొలది దారము గుడ్డను తనవైపునకు లాగును. అందువలన తెరపై గుండ్రముగ గీసిన సున్న గుడ్డపై కోడిగ్రుడ్డు ఆకారమున వచ్చును. తెలిసినవాడు ఆ లాగుడును ముందే లెక్కించి, కుట్టు లాగు దిక్కున బొమ్మను కొంచెము వెడల్పు చేయును. సాగెడి బనియను గుడ్డకు క్రింద కత్తిరించి తీయు గట్టి అస్తరు వేయవలెను. బిగువైన నేతగుడ్డకు చింపి తీయు కాగితపు అస్తరు చాలును. తువ్వాలు నూలులో కుట్టు మునిగిపోకుండుటకు నీటిలో కరగు పొర నొకదానిని పైన పరతురు. ఇవి చెప్పిన తెలియునవి కావు. ఒక గుడ్డ చెడిన తరువాత తెలియునవి.

బొమ్మను కుట్లుగా మార్చు ఈ పనిని నేటికిని దుకాణములవారు పంచింగు అనియే పిలుతురు. ఆ పేరునకు కారణము కలదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సుదేశపు జకార్డు రంధ్రములుగల అట్టలతో మగ్గముపై పూలనేత నేయించెను. ఏ నూలు లేవవలెనో, ఏది లేవరాదో అట్టలోని రంధ్రమే చెప్పును. ఆ అట్టలను చూచి ఇంగ్లండులో బాబేజి లెక్కలుచేయు యంత్రమును ఊహించెను. అమెరికాలో 1890 జనాభా లెక్కలకు హోలరిత్ రంధ్రముల కార్డులనే వాడెను. ఎంబ్రాయిడరీ యంత్రములను సైతము ఒకప్పుడు అట్టి రంధ్రముల పట్టీలే నడిపినవి. కాబట్టి హైటెక్ సిటీలోని ఉద్యోగి ఎంబ్రాయిడరీ మిషను ముందు కూర్చుండుట పరాయి యింటికి పోవుట కాదు. తాతగారి యింటికి వచ్చుటయే. కంప్యూటరు పూర్వులలో మగ్గమును ఒకటి.

ఇక యంత్రము చేతిపనివాని నోటికూడు తీయదా యను ప్రశ్న. ఇది నేటి ప్రశ్న కాదు. ఫ్రాన్సులో తిమోనియే అను దర్జీ 1830లో కుట్టుయంత్రమునకు హక్కుపత్రము పొందెను. దాని సూదికి కొక్కెముండును. అది వేయునది గొలుసు కుట్టు. మన మగ్గం వర్కువారి ఆరీ సూదికి అది దగ్గరి చుట్టము. మరుసటి సంవత్సరము పారిస్ దర్జీలు తమ పని పోవునను భయముతో అతని యంత్రములను విరుగగొట్టిరి. యంత్రములను గూర్చి 1924లో ఒకరు అడుగగా గాంధీమహాత్ముడు సింగరు కుట్టుమిషనును మినహాయించెను. యంత్రము మనిషి శ్రమను తగ్గించుట వేరు, మనిషినే పనికిరానివానిగా చేయుట వేరని ఆయన భావము.

ఆ భయము నేడును నిరాధారము కాదు. ఒక పూవుకు 12,000 కుట్లనుకొందము. నిమిషమునకు 600 కుట్లు వేయు మిషను దానిని 20 నిమిషములలో ముగించును. నిమిషమునకు 30 కుట్లు వేయు చేతికి 400 నిమిషములు, అనగా ఆరున్నర గంటలకు మించి పట్టును. ధరలో చేయి యంత్రముతో పోటీపడలేదు. అయినచో చేతిపనికి మిగిలిన రక్ష యేది? కొనువాని కంటికి తేడా తెలియుటయే. యంత్రపు పనిని చేతిపని యని అమ్మినపుడు చేతిపనివాడు రెండుమార్లు నష్టపోవును, కొన్నవాడు ఒకమారు. గుడ్డను త్రిప్పి చూడవలెను. ఎంబ్రాయిడరీ మిషనుది రెండు దారముల కుట్టు. వెనుకవైపున నిండుకుట్టు నడుమ బాబిను దారము, తరచు తెల్లనిది, చారవలె కనబడును. ఆరీ పనిలో పైన గొలుసు, వెనుక ఒకే దారపు చిన్న గీతలు ఉండును. గొలుసు కుట్టు వేయు యంత్రములును కలవు గనుక ఈ గుర్తు ఒక్కటే చాలదు. కాని త్రిప్పి చూచు అలవాటే సగము కాపుదల. ఆ అలవాటు తరగతిలో కూర్చున్నవారికి తప్పక అబ్బును.

ఇప్పుడు తీరిక అను మాటకు వత్తము. పశ్చిమగోదావరి జిల్లా నరసాపురము లేసు అల్లికకు ప్రసిద్ధము. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల వలన అక్కడ మొదలైన ఈ పని చుట్టుపట్ల గ్రామములకు ప్రాకి, దేశాంతరములకు ఎగుమతి యగుచు వచ్చినది. జర్మను విదుషీమణి మరియా మీస్ ఆ గ్రామములలో తిరిగి పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె తేల్చిన సంగతి యిది: స్త్రీలు ఇంటిపని గాక దినమునకు ఆరేడు గంటలు అల్లుచుండిరి. వారికి చేతికి వచ్చునది రూపాయికి లోపే. వ్యాపారులు చెప్పిన సమాధానమో, వారు కూలివారు కారు, గృహిణులు. తీరికవేళ అల్లుకొనుచున్నారు అని. తీరిక అను ఒక్క మాటతో ఆరేడు గంటల శ్రమ లెక్కకు రాకుండ పోయినది. 2024లో ఆ లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. పేరునకు కాపుదల వచ్చుట సంతోషము. వ్రేళ్లకు తగిన కూలి వచ్చుట అంతకంటె ముఖ్యము.

నరసాపురములో శ్రమను తీరిక యని పిలిచిరి. హైటెక్ సిటీ తరగతిలో నిజమైన తీరికయే శ్రమను రుచిచూచుచున్నది. జీతము వేరుగ నున్న ఒక ఉద్యోగిని రెండు దినములు మెడ వంచి, మూడు గుడ్డలు చెరచి, నాల్గవదానిపై ఒక మామిడిపిందె కుట్టినదనుకొందము. మరునాడు ఆమె రవికె కుట్టించుకొనుటకు మగ్గం వర్కు చేయువారి కొట్టునకు పోవును. ఇంతకు ముందు ధర వినగానే సగమునకు అడిగిన నోరు ఆనాడు వెంటనే లేవదు. ఎన్ని గంటల పనియో ఆమె మెడకు తెలియును. చదివిన దానికంటె, విన్న దానికంటె చేతికి తెలిసినది ఎక్కువకాలము నిలుచును. సరదా కుట్టుతరగతులకు ఈ ఒక్క ఫలము కలిగినను అవి వృథా కావు. ఈ ఫలము లేక, నేర్చుకొన్న నాలుగు కుట్లతో ఇరుగుపొరుగువారికి చవుకగా కుట్టి, బ్రతుకుతెరువుగా కుట్టువారి ధరను దిగజార్చినచో అది సరదా కాదు, ఇతరుల విస్తరిలో చేయి పెట్టుట. తీరికవేళ కుట్టినను ఇతరుల కొరకు కుట్టినపుడు బజారు ధరయే పుచ్చుకొనుట ధర్మము.

ఈ ఊరికి దీనితో ఏమి పని యని అడుగవచ్చును. పల్లెలో దాదాపు ప్రతి వీధిలోను ఒక కుట్టుమిషను కలదు. దానిముందు కూర్చున్న అక్క రవికెలు కుట్టి పిల్లలను చదివించుచున్నది. ఆమె విద్యను విద్య యని ఎవ్వరును పిలువరు. ఆమె దగ్గరకు పోయి నేర్చుకొందమని పట్టణమునుండి సెలవులకు వచ్చిన బిడ్డకు తోచదు. అదే విద్యకు నగరములో రుసుము చెల్లించి నేర్చుకొనును.

గ్రంథాలయమునకు ఇక్కడ చేయదగిన పని యున్నది. చదువుగది ప్రక్క వసారాలో ఒక కాలిమిషను, నాలుగు ఫ్రేములు, కొన్ని దారపుకండెలు చాలును. వారమునకు ఒక సాయంకాలము ఈ ఊరి కుట్టుపని తెలిసినవారినే గురువుగా కూర్చుండబెట్టవలెను. ఆమెకు రుసుము ఇచ్చి తీరవలెను. తీరికగదా యని ఊరక చెప్పించుకొనరాదు. పుస్తకమునకు వలెనే మిషనునకును ఒక చిట్టా పెట్టి, వరుస ప్రకారము గంట చొప్పున అందరికి ఇయ్యవచ్చును. బొమ్మలను కుట్లుగా మార్చుటకు ఇంక్‌స్టిచ్ అను ఉచిత సాధనము కలదు. గ్రంథాలయమున కంప్యూటరున్నచో వెల లేకుండ నేర్చుకొనవచ్చును. హైటెక్ సిటీలో ఉద్యోగము చేయు బిడ్డ సెలవులలో వచ్చి ఆ సాధనమును నేర్పవచ్చును. వీధిలోని అక్క ఆ బిడ్డకు కాలుసేతుల పొందిక నేర్పవచ్చును. ఒకరు గురువైన గంటలో మరియొకరు శిష్యులు. అట్టి బల్లవద్ద చేతిపని చిన్నది, కలముపని పెద్దది అను భేదము తనంతట సడలును.

ఒక పుస్తకమును పదిమంది చదివినచో అరిగిపోవునది అట్ట మాత్రమే. ఒక మిషనుపై పదిమంది నేర్చుకొన్నచో అరుగునది సూది మాత్రమే. సూది వెల కొద్ది రూపాయలు. అక్కడ నేర్చుకొన్న ప్రతివారును ఇకమీద ఒక కుట్టును చూచినపుడు ముందుగా గుడ్డను త్రిప్పి చూతురు, పిమ్మట కుట్టిన చేతిని తలచుకొందురు, ఆ తరువాతనే ధర అడుగుదురు. ఆ వరుస ఈ ఊరిలో అలవాటైననాడు ఈ గ్రంథాలయము మరియొక మంచి గ్రంథమును ప్రకటించినట్లే.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక! దాని వసారాలో పుట తిరుగు చప్పుడుతోపాటు మిషను చక్రము తిరుగు చప్పుడును వినబడుగాక!