ఇచ్చిపుచ్చుకొనుటలో మన మాటలు

(తెలుగు వారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన ధర్మపురికి పూర్వనామము తగడూరు. దీని నేలిన అదియమాన్ నెడుమాన్ అంజి, దీర్ఘాయువు నొసగు ఉసిరికపండు తనకు లభింపగా, తాను తినక అవ్వైయారను కవయిత్రి కిచ్చెనని తమిళులు నేటికిని చెప్పుకొందురు. అట్టి దాత యేలిన ఊరిలో కానుకలను గూర్చి మాటలాడుట తగియే యున్నది. నేను పండితుడను గాను, వర్తకుడను. అంగడిలో విన్న మాటలనే మీ ముందుంచుచున్నాను.

ఇప్పుడు మన పిల్లలు ఏమి కొన్నను ‘గిఫ్టు’ అనియే అడుగుచున్నారు. ఆ యొక్క మాట చాలదా? చాలదు. దేవుని కిచ్చునది కానుక. మ్రొక్కుకొని పసుపుబట్టలో మూటగట్టి యుంచునది ముడుపు. పురోహితునకు దక్షిణ, విద్వాంసునకు సంభావన, నోమునాడు ముత్తైదువకు వాయనము, అత్తవారింటి కేగు ఆడపడుచునకు సారె, పందెమున గెలిచినవానికి బహుమతి, మారాముచేయు పసివానికి తాయిలము. ఎవరు, ఎవరికి, ఎందుల కిచ్చిరో మాట వినగనే తెలియును. మాట పోయిన, ఆ మర్యాద తెలియకుండ పోవును.

పెండ్లిలో బంధువు లిచ్చినది పేరు పెట్టి పదిమంది వినునట్లు చదువుదురు గనుక చదివింపు లనుచున్నాము. తమిళులు దానినే మొయ్ అని పుస్తకమున వ్రాసికొందురు. మనము చదివింతుము, వారు వ్రాయుదురు. ఇరువురును ఆ యింట శుభకార్యము వచ్చినప్పుడు మరువక తిరిగి యిత్తురు. మన సారె వంటిదే వారి సీరు. ఇరుగుపొరుగు భాషలు గదా!

కట్నమను మాట గతి చూడుడు. గౌరవముతో సమర్పించునది కట్నము. అది వరుని వెలగా మారినది. 1961లో వరకట్న నిషేధ చట్టము చేయవలసివచ్చినది. ఇది భాష దోషము గాదు, మన నడవడి దోషము.

చీనా భాష నేర్చువారికిని ఇదియే మొదటి పాఠము. వారు కానుకను ‘లీవూ’ అందురు. లీ యనగా మర్యాద, వూ యనగా వస్తువు. మన బహుమాన శబ్దమునకును గొప్ప గౌరవమనియే అర్థము గదా! అయితే మాట నేర్చిన చాలదు. వారికి గడియారము కానుకగా నీయరాదు. ‘గడియార మిచ్చుట’ యను మాటయు, ‘అంత్యకాలమున సాగనంపుట’ యను మాటయు వారి భాషలో ఒకే ధ్వనితో పలుకును. నాలుగు అంకె చావు మాటవలె వినబడునని దానిని తప్పింతురు. కొత్త సంవత్సరమున ఎఱ్ఱని కాగితపు సంచిలో ధనమిత్తురు. మనము నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు చదివించునట్లే వారికిని లెక్కలో శుభాశుభములు కలవు.

2006 నాటి చట్టముచే ఈ రాష్ట్రమున బడులలో తమిళము ఒకటవ తరగతి మొదలు క్రమముగా తప్పనిసరి అయినది. తమిళము మనకు బ్రతుకుతెరు విచ్చిన భాష. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలెను. అయితే తెలుగునకు మిగిలిన బడి మన యిల్లును, పెండ్లిపందిరియు మాత్రమే. కావున రెండు మనవులు. మీ యింటి పెండ్లిలో చదివింపుల పుస్తకము తెలుగున వ్రాయించి, ఇంటి పిల్లవానిచే బిగ్గరగా చదివింపుడు. అవ్వలు పలుకు ఇచ్చిపుచ్చుకోలు మాటలను వ్రాసి యీ పత్రికకు పంపుడు. ఆంధ్రదేశమున వినబడనివి మన యిండ్లలో ఉండవచ్చును.