నొప్పిని ఆపేముందు

ఈ రోజు బీడీఎస్ పట్టా అందుకున్న యువ డాక్టర్లారా!

రేపటి నుంచి మీ కుర్చీలో కూర్చునే మనిషి ముందుగా చెప్పేది నొప్పి సంగతే. దాన్ని ఆపడం మీకు వచ్చు. ఆపేముందు అదేం చెబుతోందో చివరిదాకా వినమని అడగడానికే నేనొచ్చాను.

డెంటిన్‌లోని సన్నని గొట్టాల్లో ద్రవం కదలడం వల్లే పన్ను జివ్వుమంటుందని స్వీడన్ శాస్త్రవేత్త మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ 1960లలో చూపించాడు. చన్నీళ్లకు జివ్వుమని క్షణాల్లో తగ్గిపోతే పల్ప్ కోలుకునే అవకాశం ఉన్నట్టే. చాలాసార్లు పుచ్చు తీసి ఫిల్లింగ్ చేస్తే సరిపోతుంది. నీళ్లు మింగేశాక కూడా సలుపు వదలకపోతే, వేడి కాఫీకి పోటెత్తి రాత్రి నిద్ర పట్టనివ్వకపోతే, అది పల్ప్‌లోని సి-ఫైబర్ నరాల నొప్పి. అక్కడ ఫిల్లింగ్ పెట్టి పంపితే ఆ రాత్రే అల్లాడిపోతారు. అందుకే, ‘ఎంతసేపు ఉంటోందమ్మా?’ అని తప్పకుండా అడగండి. వారం బాధించిన పన్ను ఉన్నట్టుండి ఊరుకుందంటే సంతోషించకండి, పల్ప్ చచ్చిపోయిందేమో చూడండి.

పల్ప్ తన చోటు చెప్పలేదు. ఒక పెద్దావిడ కింది పన్ను చూపిస్తుంది, పుచ్చు పై పన్నులో ఉంటుంది. విసుక్కోకండి. బాగున్న పన్నుతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ తట్టి, చల్లదనం తగిలించి చూడండి. ఏ పన్నులోనూ లోపం దొరక్క, మెట్లెక్కితే దవడ లాగుతోందని ఆమె అంటే, వెంటనే గుండె డాక్టరు దగ్గరికి పంపండి.

ఫిల్లింగ్ అయ్యాక నమిలితే నొప్పి అని వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. మొద్దుబారిన నోటితో కొరికిన కాటుకు ఫిల్లింగ్ ఎత్తు తెలియదు. కాటు చూసే రంగు కాగితం మచ్చ ఎక్కడ గట్టిగా పడిందో చూసి, ఆ కాస్తా అరగదీయండి.

ఇక, నా మనసులో ఎక్కువగా ఉన్న మాట. వాచిన పల్ప్ ఉన్న కింది దవడ పన్నుకు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి పూర్తిగా మొద్దుబారినా లోపల నొప్పి మిగిలిపోవడం తరచూ జరిగేదే. ‘ఇంజెక్షన్ ఇచ్చాంగా, ఇంకేం నొప్పి?’ అనే మాట మీ నోట రాకూడదు. పేషెంటు చెయ్యెత్తితే నమ్మండి. డ్రిల్లు పక్కన పెట్టి, పన్ను పక్కనే మరో ఇంజెక్షన్ ఇచ్చి, చల్లదనంతో మళ్లీ పరీక్షించాకే మొదలుపెట్టండి, బయట ఎంతమంది ఎదురుచూస్తున్నా సరే.