తేలినీలాపురంలో రెండు పగళ్ళు, ఒక రాత్రి
(సంఘం వార్షిక సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. మేము పక్షుల గురించి మాట్లాడతాం. రెండూ ఒకటే ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ఫిబ్రవరి చివర్లో మేము 20 మందిమి పలాసలో బస్సెక్కి టెక్కలిలో దిగి, అక్కడి నుంచి ఆటోల్లో తేలినీలాపురం వెళ్ళాం. ఊరి పెద్దలను అడిగి, పక్షుల చెట్లకు దూరంగా, కోత అయిపోయిన పొలంలో టార్పాలిన్లు కట్టుకున్నాం. పాటల పెట్టె తీసుకెళ్ళలేదు. మంట కూడా అన్నం వండుకునేంత సేపే.

ఆ ఊళ్ళో చింతచెట్టు కింద నిలబడి తల ఎత్తితే ఒకే చెట్టు మీద రెండు జాతులు కనబడతాయి. ఒకటి గూడబాతు, అదే పెలికాన్. ముక్కు కింద సంచి వేలాడుతూ ఉంటుంది. పిల్ల తన తల మొత్తం తల్లి సంచిలోకి దూర్చి చేప తింటుంది. రెండోది రంగుల కొంగ. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. ముక్కు కొంచెం తెరిచి లోతులేని నీటిలో ఆడిస్తుంది, చేప తగలగానే మూసేస్తుంది. కళ్ళతో కాదు, స్పర్శతో వేట.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఈ రెండు జాతులకూ సైబీరియాతో సంబంధం లేదు. ఇవి మన దేశం, మన చుట్టుపక్కల దేశాల పక్షులే. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదిరే వేళకు వెళ్ళిపోతాయి. మేము వెళ్ళినప్పుడు పిల్లలు రెక్కలు విదిలిస్తూ కొమ్మ అంచున నిలబడి ఎగరడం నేర్చుకుంటున్నాయి.

ఇప్పుడు సిగ్గుపడాల్సిన మాట ఒకటి చెప్పాలి. మాలో ఒక తమ్ముడి సంచిలో ఉండేలు ఉంది. అలవాటుగా తెచ్చాడు. మొదటి రోజు సాయంత్రం దాన్ని బయటకు తీశాడు. చెట్టు కింద పిడకలు ఏరుకుంటున్న ఒక ముసలమ్మ చూసింది. తిట్టలేదు. "ఏటి బాబూ, ఆడపిల్ల పురుటికి పుట్టింటికొస్తే రాయి ఇసురుతామేటి?" అంది. అంతే. ఆ తమ్ముడు ఉండేలు సంచిలో పెట్టేశాడు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఏం చెబుతుందో మేము ముందే చెప్పాం. చట్టం చెప్పినప్పుడు చెవికెక్కని మాట, ఆమె చెబితే ఎక్కింది.

ఆ పుట్టిల్లు చెట్టు ఒక్కటే కాదు. తెల్లవారుజామున నౌపడ వైపు నడిచాం. ఉప్పు మడులు, తంపర నీళ్ళు, వాటి నిండా మేతకు దిగిన పక్షులు. చెట్టు ఉండి తంపర లేకపోతే పిల్లలకు తిండి లేదు. ఇక్కడి చిత్తడి నేలల కోసం జనం పోరాడారు. 2010 జూలై 14న సోంపేట బీల దగ్గర, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. నీళ్ళలో ఏం తేడా వచ్చినా పక్షికి తగులుతుంది. 2021 డిసెంబరు నుంచి కొద్ది వారాల్లోనే ఇదే తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. కడుపులో చేరిన పురుగులే కారణమని పరీక్షల్లో తేలింది.

రాత్రి పొలంలో కూర్చుని, ఆ రోజు చూసిన పక్షుల పేర్లు నోటుబుక్కులో రాసుకున్నాం. ఇంగ్లీషులో 17 వచ్చాయి. తెలుగులో తొమ్మిది. మన భాషలో ఎన్ని అని అడిగితే మూడు దగ్గర ఆగిపోయాం. ఇంటికి వచ్చి ఆ పట్టిక ఒక అవ్వకు చదివి, ఫోనులో బొమ్మలు చూపించాం. ఆమె నవ్వుతూ ఒక్కొక్కదానికీ పేరు చెప్పింది. ఏది వానకు ముందు కూస్తుందో, ఏది వాలితే చేను పండిందని అర్థమో కూడా చెప్పింది. మాకు ఆ పేర్లు సరిగా పలకడం కూడా రాలేదు.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని, 1938లో సవర నిఘంటువు తెచ్చారు. మన వాడు కాని మనిషి మన మాటల కోసం అంత కష్టపడ్డాడు. మన అవ్వ పక్కనే కూర్చుని మనం రాసుకోలేమా? ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో మన పెద్దలు వేసే బొమ్మల్లో పక్షి ఉంటుంది. పక్షి పోతే ఆ బొమ్మ ఒట్టి గీత. పేరు పోతే అది ఏ పక్షో చెప్పేవాళ్ళుండరు.

అందుకే మీకు ఒకే పని. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఐదు పక్షుల పేర్లు మన భాషలో రాసి తీసుకురండి. ఫోనులో వాళ్ళ గొంతు కూడా రికార్డు చేయండి. అక్టోబరులో గూడబాతులు తిరిగి వచ్చేసరికి మన పట్టిక సిద్ధంగా ఉండాలి. అప్పుడు మళ్ళీ కలిసి వెళ్దాం.

ఉండేలు తెచ్చిన తమ్ముడు ఇప్పటికే 11 పేర్లు తెచ్చాడు.